ఆ మాత్రలు ఆపేయమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. మనసు జబ్బులకు మందులు అక్కర్లేదనీ, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాటికి బానిసలైపోతారనీ, ధ్యానం, నడక, సానుకూల ఆలోచనలు చాలనీ దాని సారాంశం. నేను బెంగళూరులో ఒక మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ పీజీ రెండో సంవత్సరం చేస్తున్నాను. మాది సత్యసాయి జిల్లాలో ఒక పల్లె. ఆ వ్యాసం నాకు మా ఓపీలోనే దొరికింది. ఒక పేషెంటు తండ్రి దాన్ని కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో భద్రంగా తెచ్చుకున్నాడు. "పేపర్లోనే రాసినారు మేడమ్, మీరే సదవండి" అని నా చేతికిచ్చాడు. కొడుక్కి మాత్రలు అప్పటికే ఆపేశారు. పిల్లవాడు నిద్రపోక, ఎవరో తనను చంపడానికి వస్తున్నారని తలుపు వేసుకుని కూర్చుంటే పట్టుకొచ్చారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా దయచేసి కోతలు పెట్టకుండా వేయండి.

మా ఓపీకి తెలుగువాళ్ళు బాగా వస్తారు. హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె వైపు నుంచి తెల్లవారుజామునే బస్సో రైలో ఎక్కి వచ్చేవాళ్ళు కొందరు. బాగేపల్లి, పావగడ, చింతామణి వైపు నుంచి, కర్ణాటకలో పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు కొందరు. ఇక్కడ బిల్డింగుల పనికి వచ్చి రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు, కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఊరు వదిలి వచ్చి అపార్ట్‌మెంటులో మాట్లాడే తోడు లేక కుంగిపోయిన పెద్దవాళ్ళు ఇంకొందరు. వార్డులో నర్సులు చాలామంది మలయాళీలు, సీనియర్లు కన్నడిగులు. తెలుగు పేషెంటు వస్తే ఏ యూనిట్‌ది అయినా ముందు నన్ను పిలుస్తారు. అలా మిగతా పీజీల కంటే ఎక్కువ కుటుంబాలతో కూర్చునే అవకాశం నాకు దొరికింది. మందుల గురించి మనవాళ్ళు ఏమనుకుంటారో ఆ కూర్చోవడంలోనే తెలిసింది.

మా దగ్గరికి వచ్చేసరికే చాలా ఆలస్యమైపోతుంది. ముందు గుడి, ముడుపు, తర్వాత అంత్రం కట్టించడం, తర్వాత దర్గాలో నిద్ర, తర్వాత ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చే సెలైన్. అవన్నీ అయ్యాక ఎవరో చుట్టం చెప్తే బెంగళూరు. వాళ్ళను నేనేమీ అనలేను. ఎంబీబీఎస్ చదివే మాకే ఇంటర్న్‌షిప్ ఏడాదిలో సైకియాట్రీకి ఉన్నది రెండు వారాలు. ఫైనల్ పరీక్షలో దానికి వేరే పేపరు లేదు, జనరల్ మెడిసిన్‌లో ఒక మూల ఉంటుంది. డాక్టర్లకు నేర్పేదే ఇంత అయితే, మడకశిరలో రైతుకు ఎవరు చెప్తారు? బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మానసిక జబ్బులున్నవాళ్ళలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. అంటే మీ వ్యాసం మందులు మానేయమని చెప్తున్నది, ఆ మందుల దాకా ఎలాగోలా చేరుకున్న కొద్దిమందికి.

ఇక్కడ నేను చూసిన ఇద్దరు ముగ్గురి గురించి చెప్పాలి. గుర్తుపట్టకుండా ఊళ్ళు, వివరాలు మార్చాను.

ఒక రాత్రి డ్యూటీలో పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ అమ్మాయిని వీల్‌చెయిర్‌లో తెచ్చారు. పది రోజులుగా మాట లేదు, తిండి లేదు. నోట్లో నీళ్ళు పోస్తే పక్కనుంచి కారిపోతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. నేను ఆమె కుడిచెయ్యి పైకెత్తి వదిలితే, ఎత్తినచోటే గాలిలో నిలబడిపోయింది. నిమిషాలు గడిచినా దించలేదు. దీన్ని కెటటోనియా అంటారు. తల్లి మెడలో పసుపు కొమ్ములు, చేతిలో నిమ్మకాయ. "గాలి సోకిందన్నారమ్మా, మూడు అమావాస్యలు అన్నారు" అంది. నీళ్ళు లేక పెదవులు పగిలిపోయిన పిల్ల మూడు అమావాస్యలు ఆగే స్థితిలో లేదు.

సెలైన్ పెట్టాం, రక్తపరీక్షలు పంపాం. సీనియర్‌కి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు లోరాజెపామ్ ఇంజెక్షన్ నరంలోకి మెల్లగా ఇచ్చాను. పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కొద్దిసేపటికి ఎత్తి ఉన్న చెయ్యి తనంతట తానే ఒళ్ళోకి దిగింది. కనురెప్పలు ఆడాయి. ఇంకొంచెం సేపటికి తల తిప్పి తల్లిని చూసి, "అమ్మా, ఆకలైతాంది" అంది. తల్లి ఏడవలేదు, నవ్వలేదు. క్యారియర్ మూత తీసి, చల్లారిపోయిన అన్నం, పెరుగు చేత్తో పిసికి మెత్తగా చేస్తూ ఉండిపోయింది. మింగడం సరిగ్గా ఉందో లేదో చూసి, కొంచెం కొంచెంగా పెట్టనిచ్చాం. అప్పుడు నాకు పోస్టుగ్రాడ్యుయేషన్‌లో చేరి కొన్ని నెలలే. సైకియాట్రీ తీసుకున్నానంటే "ఇంకే సీటూ రాలేదా?" అని అడిగిన బంధువులు ఆ రాత్రి అక్కడ ఉండి ఉంటే బాగుండేదనిపించింది. ఒక్క ఇంజెక్షన్‌తో జబ్బు పోలేదు, పోదు కూడా. తర్వాత కొన్ని వారాలు లోపలి డిప్రెషన్‌కు చికిత్స జరిగింది. అయినా ఆ రాత్రి ఆ పిల్ల ప్రాణం నిలబెట్టింది మందే. ఆమెకు సానుకూల ఆలోచనలు చెప్పడానికైనా ముందు ఆమె వినగలగాలి కదా.

రెండోది ధర్మవరం వైపు మగ్గం నేసే ఒకాయన సంగతి. బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్ళు పట్టరాని ఉన్మాదం, కొన్నాళ్ళు దిగులు. దానికి ఇచ్చే లిథియం మాత్రల మీద ఏళ్ళ తరబడి బాగున్నాడు. నేత, సంసారం, పిల్లల చదువు అన్నీ సాఫీగా నడిచాయి. సాఫీగా నడుస్తున్నాయి కాబట్టే, చదువుకున్న బావమరిది ఒకాయన "బాగుండావు కదా, ఇంకెందుకు మందులు, కిడ్నీలు పోతాయి" అన్నాడు. మాత్రలు ఒక్కసారిగా ఆపేశారు. లిథియం అలా ఉన్నట్టుండి ఆపితే జబ్బు త్వరగా, తీవ్రంగా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కొన్ని వారాలకే ఆయనకు నిద్ర పోయింది. రాత్రి రెండింటికి మగ్గం ఎక్కేవాడు. షావుకార్ల దగ్గర అప్పు మీద ముడి పట్టు తెచ్చి ఇల్లంతా నింపాడు. ఊళ్ళో పెళ్ళీడు ఆడపిల్లలందరికీ చీర పెడతానని ఇంటింటికీ వెళ్ళి మాటిచ్చాడు. అడ్డుపడిన భార్య మీద చెయ్యి చేసుకున్నాడు. బాగున్నప్పుడు ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి. మా దగ్గరికి తెచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉన్నా మాట ఆగడం లేదు.

మందులు మళ్ళీ మొదలుపెట్టాక మూడో వారానికి కుదుటపడ్డాడు. అప్పుడు మొదలైంది ఆయనకు అసలు బాధ. మంచం మీద కూర్చుని, భార్య చెప్తుంటే, ఎవరికి ఎంత బాకీయో నోటుబుక్కులో రాసుకునేవాడు. రాస్తూ రాస్తూ ఆగిపోయేవాడు. డిశ్చార్జి రోజు నేను "ఇప్పుడు బాగున్నారు కదమ్మా" అంటే ఆమె, "జబ్బు పోయినాది మేడమ్, అప్పులు యాడికి పోతాయి?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఏ మందూ లేదు. ఆపేయమని సలహా ఇచ్చిన మనిషి ఆ బాకీల్లో రూపాయి కూడా కట్టడు.

లిథియానికి ఇబ్బందులు లేవని నేను అనడం లేదు. ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ 1949లో ఉన్మాదానికి దాని ఉపయోగం గురించి రాసినప్పటి నుంచి ఇది జాగ్రత్తగా వాడాల్సిన మందే. రక్తంలో మోతాదు సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేట్టు చూస్తాం. 1.5 దాటితే ప్రమాదం. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్ష, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తాం. మన రాయలసీమ ఎండల్లో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి: వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఒంట్లో నీరు తగ్గినా లిథియం మోతాదు పెరిగిపోతుంది. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి మాత్రలతో కూడా పెరుగుతుంది. చేతులు బాగా వణికి, నడక తూలి, మాట ముద్దగా వస్తే వెంటనే ఆస్పత్రికి రావాలి. ఆ వ్యాసం ఇలాంటివి రాసి ఉంటే ఎంతమందికి పనికొచ్చేది!

బానిసలవుతారన్న మాటకు వస్తాను. అలవాటయ్యే మందులు ఉన్నాయి. అల్ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటివి ఆ రకం. ఆ అమ్మాయికి ఇచ్చిన లోరాజెపామ్ కూడా ఆ కుటుంబానిదే. వీటిని కొద్దికాలానికి, లెక్క ప్రకారం ఇవ్వాలి. మా ఓపీకి వచ్చేవాళ్ళలో నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కుని ఏళ్ళుగా మింగుతున్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి. దీని మీద పత్రికలు ఎంత గట్టిగా రాసినా నేను సంతోషిస్తాను. కానీ లేని మాటలు వినపడి, లేని అనుమానాలు పట్టుకునే స్కిజోఫ్రెనియాకు ఇచ్చే రిస్పెరిడోన్, డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్, బైపోలార్‌కు ఇచ్చే లిథియం మత్తుమందులు కావు. ఇంకా కావాలి, ఇంకా కావాలి అనిపించవు. వాటన్నిటినీ "నిద్రమాత్రలు" అని ఒకే గాటన కట్టేసి భయపెడితే, అవసరమైనవి మానేస్తారు, అలవాటయ్యేవి మింగుతూనే ఉంటారు. మా ఓపీలో నేను చూస్తున్నది అదే.

అందరికీ జీవితాంతం మందులన్నది కూడా నిజం కాదు. డిప్రెషన్ మొదటిసారి వచ్చినవాళ్ళకు, పూర్తిగా బాగయ్యాక కూడా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, మెల్లగా తగ్గించి ఆపుతాం. ఈ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అది ముందే చెప్పకపోతే, వారం వాడి "గుణం లేదు" అని పారేస్తారు. పదే పదే తిరగబెట్టే జబ్బులకు ఎక్కువకాలం అవసరమవుతుంది. ఎవరికి ఎంతకాలం అన్నది ఆ మనిషిని చూసి తేల్చాల్సిందే. వ్యాసం చూసి తేలదు.

భయం ఎక్కడినుంచి వస్తుందో కూడా చూశాను. ఒక కుర్రాడికి వాళ్ళ ఊరి దగ్గర ఎవరో మనసు జబ్బుకు హాలోపెరిడాల్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి మెడ ఒకపక్కకు మెలితిరిగి, కళ్ళు పైకి పోయి, నాలుక బయటికి వచ్చేసింది. దయ్యమే బయటపడిందని ఇంట్లో అందరూ వణికిపోయారు. ఆ మందుతో కొందరికి, ముఖ్యంగా వయసులో ఉన్న మగపిల్లలకు, ఇలా జరుగుతుంది. చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ ప్రోమెథజిన్ ఇంజెక్షన్ ఇస్తే కాసేపట్లో తగ్గిపోతుంది. ఈ కుర్రాడికీ తగ్గింది. కానీ ఆ కుటుంబం ఇక ఏ మందునైనా ఎలా నమ్ముతుంది? ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళు రెండు మాటలు ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఇదే రకం మందుల్లో ఒలాంజపిన్‌తో బరువు పెరుగుతారు, షుగర్ రావచ్చు. క్లోజపిన్ వాడితే తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించాలి. ఇవన్నీ డాక్టర్లం ఓపిగ్గా చెప్పాల్సినవే. రద్దీ ఓపీలో చాలాచోట్ల చెప్పడం లేదన్నది నిజం. ఆ విషయంలో మమ్మల్ని విమర్శించండి, తలవంచి వింటాం.

కరెంటు షాకుల గురించి కూడా ఆ వ్యాసంలో ఒక వాక్యం ఉంది, సినిమాల్లో చూపించే పద్ధతిలో. ఇప్పుడు ఆ కరెంటు చికిత్సను (ఈసీటీ అంటారు) మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి చేస్తారు. అవి లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. గొలుసులతో కట్టేయడాన్ని కూడా అదే చట్టం ఏ రూపంలోనూ కూడదంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచిన పాక అంటుకుని ఆ మంటల్లో 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేకపోయారు. వాళ్ళ కుటుంబాలు వాళ్ళను అక్కడికి పంపింది మందులు లేకుండా నయమవుతుందన్న ఆశతోనే. ఇప్పటికీ కాలి మడమ దగ్గర గొలుసు ఒరుసుకున్న పుండుతో మా క్యాజువాలిటీకి వచ్చేవాళ్ళు ఉన్నారు. కట్టు కట్టేటప్పుడు ఆ పుండు ఎంత పాతదో చూస్తే, మందు ఎంత ఆలస్యమైందో తెలిసిపోతుంది.

నడక, ధ్యానం, మాట్లాడే మనిషి, చేసుకోవడానికి పని, ఇవన్నీ మంచివే. మేమూ చెప్తాం. మా వార్డులో పొద్దున్నే అందరం కలిసి యోగా చేస్తాం. తేలికపాటి దిగులుకు, ఆందోళనకు మాటలతో చేసే చికిత్సే చాలాసార్లు సరిపోతుంది. అలాంటివాళ్ళకు మందు రాయకుండా పంపిన సందర్భాలు బోలెడు. కాని చెవుల్లో మాటలు వినపడుతున్న మనిషిని, చావాలని తాడు దాచుకున్న మనిషిని వాకింగ్‌కు పొమ్మని ఎలా చెప్తాం?

ఇక మందులు ఆగిపోవడానికి వ్యాసాలు మాత్రమే కారణం కావు. బెంగళూరు దాకా వచ్చి నెల మాత్రలు తీసుకెళ్ళినవాళ్ళు, అవి అయిపోయాక మళ్ళీ రావాలంటే ఇద్దరికి బస్సు చార్జీలు, ఒక రోజు కూలీ పోవాలి. దగ్గర్లో సర్కారు ఆస్పత్రికి వెళ్తే "స్టాక్ లేదు" అన్నారని చెప్తారు. బయట షాపుల్లో కొన్నిచోట్ల లిథియం దొరకదు. "దొరకలా మేడమ్, అందుకే ఆపినాం" అన్న మాట వినని ఓపీ రోజు నాకు గుర్తులేదు. ఇది ఇలా ఉండాల్సిన అవసరం లేదు. మా అనంతపురానికి ఆనుకునే ఉన్న బళ్ళారి జిల్లాలో 1980లలోనే నిమ్హాన్స్ వాళ్ళు చేసి చూపించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, కొన్ని ముఖ్యమైన మందులు అందుబాటులో ఉంచితే పల్లెల్లోనే చికిత్స సాగుతుందని తేలింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్ళారి పనే నమూనా. 2017 చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక జబ్బుల మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) మొదలుకొని పై ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలని రాసింది. అది పేషెంటు హక్కు. మడకశిర నుంచి వచ్చే ఏ తల్లికీ ఈ సంగతి తెలియదు. పేపరువాళ్ళు చెప్తే తెలుస్తుంది.

కాబట్టి మీకు నా మనవి ఇది. ఆ వ్యాసం వేసిన పేజీలోనే, డాక్టరును అడగకుండా మానసిక జబ్బుల మందులు ఆపవద్దని ఒక ప్రకటన వేయండి. మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416ను రోజూ ఒక మూల అచ్చువేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా ఎడిషన్లలో ఏ ప్రభుత్వ ఆస్పత్రిలో ఏ రోజు మానసిక వైద్యుల ఓపీ ఉంటుందో వేయండి. సినిమా హాళ్ళ జాబితా వేసే చోటు సరిపోతుంది. మీ విలేకరులను వాళ్ళ వాళ్ళ సీహెచ్‌సీ ఫార్మసీ కిటికీ దగ్గరికి పంపి రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, ఫ్లూఆక్సెటిన్, లిథియం, వాల్‌ప్రోయేట్ ఉన్నాయా అని అడిగించండి. లేనిచోట లేవని, ఎన్నాళ్ళుగా లేవో, ఎవరు తెప్పించాలో పేర్లతో సహా రాయండి.

ఇట్లు,
ఒక సైకియాట్రీ పీజీ వైద్యురాలు,
బెంగళూరు.
(పేషెంట్ల గోప్యత దృష్ట్యా నా పేరు, ఆస్పత్రి పేరు ప్రచురించవద్దని మనవి.)